కార్గిల్ సర్వీసు మీద తెలుగులో పుస్తకం: ఏం రాయొచ్చు, దేన్ని సరిచూసుకోవాలి?

గన్నర్_శ్రీకాకుళం అడిగారు:

అందరికీ నమస్కారం. ఆర్టిలరీ మీడియం రెజిమెంటులో హవల్దారుగా రిటైరయ్యాను. 1999లో మా రెజిమెంటు 155 ఎంఎం బోఫోర్స్ గన్లతో ద్రాస్ సెక్టారులో ఉంది. సర్వీసు మొత్తం మీద తెలుగులో ఒక పుస్తకం రాస్తున్నాను, అందులో సగం ఆపరేషన్ విజయ్ (కార్గిల్ యుద్ధానికి మన సైన్యం పెట్టిన పేరు). కథ చెప్పమని అడగొద్దు, అది పుస్తకంలో ఉంటుంది. నాకు కావలసినవి ఇవి:

అనుమతి తీసుకోవాలా, ఎవరి దగ్గర? పాతికేళ్లు దాటాక తేదీలు, వరస ఎలా సరిచూసుకోవాలి? చనిపోయినవాళ్ల పేర్లు రాయొచ్చా? ఇంకొకటి, అసలు చిక్కు ఇదే: గన్ పొజిషన్‌లో ఉన్నవాడికి శత్రువు కనపడడు. కనపడని యుద్ధాన్ని ఎలా రాయాలి? రాసినదంతా టీవీలో చూసినట్టే వస్తోంది.

---

రూల్‌బుక్_రిటైర్డ్:

హవల్దార్ గారూ, అనుమతి సంగతి ముందు తేల్చుకుందాం. ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలున్నాయి, జనం రెంటినీ కలిపేసి అయితే అనవసరంగా భయపడతారు, లేదా అసలు పట్టించుకోరు.

మొదటిది ఆర్మీ రూల్స్ 1954లో 21వ రూలు. సర్వీసు విషయాల మీద గానీ రాజకీయ విషయాల మీద గానీ పత్రికకు రాయాలన్నా, పుస్తకం వేయాలన్నా, ఉపన్యాసం ఇవ్వాలన్నా ముందుగా అనుమతి ఉండాలి. ఇది సర్వీసులో ఉన్నవాళ్లకి. డిశ్చార్జి అయి పెన్షన్‌లో ఉన్న మీరు దీని కింద రారు.

రెండోది అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్, 1923. ఇది చచ్చేదాకా వెంట ఉంటుంది. సెక్షన్ 5 ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్లకే కాదు, ఒకప్పుడు ఉన్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు. గూఢచర్యం కిందకి వచ్చే సెక్షన్ 3లో సైనిక విషయాలైతే పద్నాలుగేళ్ల దాకా. ‘ఇన్నేళ్లు దాటితే ఫర్వాలేదు’ అన్న మాట ఈ చట్టంలో ఎక్కడా లేదు. 2007లో మన విదేశీ గూఢచార సంస్థ ‘రా’ గురించి పుస్తకం రాసిన ఒక రిటైర్డ్ మేజర్ జనరల్ మీద సీబీఐ కేసు పెట్టింది ఈ చట్టం కిందే. నవలగా రాస్తే తప్పించుకోవచ్చని కొందరంటారు. పాత్ర పేరు మార్చినంత మాత్రాన అందులోని సమాచారం మారదు కదా.

కాబట్టి ప్రతి రెండో వాక్యానికీ వణకాల్సిన పని లేదు గానీ, రాతప్రతి పూర్తయ్యాక ఒకసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి. వీటిని వెతకండి: రేడియో ఫ్రీక్వెన్సీలు, కాల్‌సైన్‌లు, కోడ్ మాటలు, గన్ పొజిషన్ల, అమ్యూనిషన్ నిల్వల కచ్చితమైన చోట్లు (ఆ చోట్లలో కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉంటాయి), ఒక గన్‌కి రిజర్వులో ఎన్ని రౌండ్లు ఉంచేవాళ్లన్న లెక్కలు, ఇప్పటికీ సర్వీసులో ఉన్న సామాగ్రి లోపాలు, దారి చూపిన, బరువులు మోసిన స్థానికుల పేర్లు. చివరిది చట్టం కోసం కాదు, వాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు.

ఏది ఇప్పటికే బహిరంగమో చూడడానికి కార్గిల్ రివ్యూ కమిటీ నివేదిక మంచి కొలబద్ద. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన తయారై, కొన్ని భాగాలు తీసేసి 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. అందులో ఉన్న విషయాన్ని మీరు మళ్లీ చెబితే అభ్యంతరం రాదు.

అయినా అనుమానం మిగిలిన పేజీలుంటే, ఆ పేజీలు మాత్రమే జత చేసి మీ రికార్డ్స్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపి, ‘ప్రచురించడానికి అభ్యంతరమేమైనా ఉందా’ అని అడగండి. కాపీ, రసీదు దాచుకోండి. పుస్తకమంతా పంపితే ఎవరూ చదవరు, మీకు జవాబూ రాదు.

---

బోర్డర్‌పోస్ట్:

రూల్‌బుక్ గారూ, నేను బీఎస్‌ఎఫ్ నుంచి రిటైరయ్యాను. నాకూ ఇదేనా?

---

రూల్‌బుక్_రిటైర్డ్:

కాదండి, మీకు ఇంకా బిగువు. పెన్షన్ రూల్స్‌కి 2021లో ఒక సవరణ వచ్చింది. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉన్న సంస్థల నుంచి రిటైరైనవాళ్లు తమ సంస్థ పని గురించి, అక్కడి వ్యక్తుల గురించి, అక్కడ సంపాదించిన పరిజ్ఞానం గురించి ఏది ప్రచురించాలన్నా సంస్థ అధిపతి ముందస్తు అనుమతి కావాలి. అతిక్రమిస్తే పెన్షన్‌కే ఎసరు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ, సీఐఎస్‌ఎఫ్, ఎస్‌ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్, ఎన్‌ఎస్‌జీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ లేవు. మీరు రాతప్రతి ముగించాక కాదు, మొదలుపెట్టకముందే అడగండి.

---

పార్ట్‌టూ_క్లర్క్:

తేదీల సంగతి నేను చెబుతాను, రికార్డుల పని తెలిసినవాణ్ణి.

ముందు మీ ఇంట్లో ఉన్నవి తీయండి. డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), మూవ్‌మెంట్ ఆర్డర్లు, లీవ్ సర్టిఫికెట్లు, కోర్సు సర్టిఫికెట్లు. ఇంటికి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఎవరైనా దాచారేమో అడగండి. 56 ఏపీఓ చిరునామాతో వచ్చినవాటి మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో నంబరు, తేదీ ఉంటాయి, ఊరి పేరు ఉండదు. మీరు లోపల రాసింది ‘క్షేమంగా ఉన్నాను’ అని మాత్రమే అయినా ఆ తేదీ బంగారం.

తర్వాత రికార్డ్స్ ఆఫీసు. ఆర్టిలరీవాళ్లకి నాసిక్ రోడ్ క్యాంప్. చదివే మిగతావాళ్ల కోసం: మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, ఎంఈజీకి (మద్రాస్ ఇంజినీర్ గ్రూప్) బెంగళూరు, ఈఎంఈకి (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీకి (ఆయుధ సామగ్రి విభాగం) సికింద్రాబాద్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్. అక్కడ మీ షీట్ రోల్, అంటే సర్వీసు రికార్డు, ఉంటుంది. పార్ట్ టూ ఆర్డర్లలో మీ లీవు, పోస్టింగు, ప్రమోషను, ఆసుపత్రిలో చేరడం, అన్నీ తేదీలతో ఎక్కి ఉంటాయి. లీవు తేదీలే అన్నిటికంటే పనికొస్తాయి: ఫలానా సంఘటన లీవుకి ముందా తర్వాతా అన్నది మనిషికి బాగా గుర్తుంటుంది, నెల గుర్తుండదు. లీవు తేదీ దొరికితే దానికి అటూ ఇటూ మిగతావన్నీ సర్దుకుంటాయి.

రికార్డ్స్‌వాళ్లు జవాబివ్వకపోతే ఆర్టీఐ వేయండి. ఆర్మీ ఆ రెండో షెడ్యూలులో లేదు కాబట్టి దరఖాస్తు తీసుకోవాల్సిందే. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. మీ సొంత సర్వీసు వివరాలు అడగండి, ఇస్తారు. యూనిట్ వార్ డైరీ (యుద్ధంలో యూనిట్ రోజువారీ రాసే రికార్డు) అడిగితే దేశ భద్రత కింద, అంటే సెక్షన్ 8(1)(ఎ) కింద నిరాకరించే వీలుంది. ఇరవై ఏళ్లు దాటిన సమాచారానికి చట్టం ఇచ్చే సడలింపు ఆ క్లాజుకి వర్తించదు.

వార్ డైరీల మీద రక్షణ శాఖ 2021 జూన్‌లో ఒక విధానం ప్రకటించింది: యూనిట్లు వాటిని శాఖలోని హిస్టరీ డివిజన్‌కి పంపాలి, మామూలుగా పాతికేళ్లకి రహస్య ముద్ర తీయాలి, అంతకంటే పాతవి నిపుణులు పరిశీలించాక నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరాలి. పాతికేళ్ల లెక్క కార్గిల్‌కి 2024తో నిండింది. నిండింది కదా అని మర్నాడే అల్మారా తలుపు తీయరు. మీ పుస్తకం దానికోసం ఆపుకోవద్దు.

ఇప్పుడు ఎవరూ చెప్పని చిట్కా. 1999 నాటి ప్రమాథి నామ సంవత్సర పంచాంగం ఒకటి సంపాదించండి. రాత్రి పూట జరిగిందేదైనా వెన్నెలతో సరిచూడొచ్చు. ఆ ఏడు జూన్ 13 అధిక జ్యేష్ఠ అమావాస్య. ద్రాస్ దగ్గరి తోలోలింగ్ శిఖరం చేతికొచ్చింది ఆ తెల్లవారే, అంటే ఆ రాత్రి వెన్నెల ఊసే లేదు. జూన్ 28 పౌర్ణమి. అక్కడిదే ఇంకో శిఖరం టైగర్ హిల్ మీద దాడి జులై 3 రాత్రి, పౌర్ణమి దాటి అయిదారు రోజులు: చంద్రుడొచ్చేది బాగా పొద్దుపోయాకే, అదీ కొండ అడ్డం లేకపోతే. ‘పిండారబోసినట్టు వెన్నెల’ అని రాసిన అధ్యాయానికి జూన్ 13 అని తేదీ పెడితే, తెలిసినవాడు పుస్తకం అక్కడే మూసేస్తాడు.

అలాగే అప్పటికి లేని పేర్లు. 1999లో ఉత్తరాఖండ్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు లేవు, 2000 నవంబరులో వచ్చాయి. గఢ్వాల్ కుర్రాడు అప్పుడు యూపీవాడే. కార్గిల్ జమ్మూ కశ్మీర్ రాష్ట్రంలోది, లద్దాఖ్ వేరుపడింది 2019లో. శ్రీనగర్-లేహ్ దారి, అంటే ఇప్పటి ఎన్‌హెచ్ 1, అప్పటి రాతల్లో 1ఎ. పాయింట్ 5140, పాయింట్ 4875 అన్నవి మీటర్లలో ఎత్తులు. మనవాళ్లు చాలామంది అవే అంకెలు అడుగులనుకుని రాసేస్తారు. 5140 మీటర్లంటే దాదాపు 16,860 అడుగులు.

---

టీఏ_బ్యాటరీ:

అసలు ప్రశ్నకి వస్తాను. శత్రువు కనపడకపోవడం మీ పుస్తకంలో లోపం కాదు, మీ పుస్తకం విషయమే అది.

టీవీలో చూసినట్టు వస్తోందంటే కారణం ఒకటే: మీరు నిలబడిన చోటు వదిలేసి ఓపీ (ముందుండి గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పేవాడు) కళ్లతో రాస్తున్నారు. ఇలాంటి వాక్యాలు రాతప్రతిలో వెతకండి:

‘మా గన్ పేల్చిన గుండు టైగర్ హిల్ మీద బంకర్‌ని తునాతునకలు చేసింది. శత్రువులు హాహాకారాలు చేశారు.’

పది, పదిహేను కిలోమీటర్ల అవతల జరిగింది ఇది. గన్ నంబర్ వన్‌కి, అంటే ఆ గన్ కమాండరుకి, ఎలా తెలిసింది? హాహాకారాలు ఎవరికి వినపడ్డాయి? అదే విషయం గన్ దగ్గర నుంచి (చార్జి అంటే గుండును తోసే మందు, ఎలివేషన్ అంటే గొట్టం ఎత్తిన కోణం):

‘ఓపీ నుంచి రేడియోలో ‘టార్గెట్’ అన్నారు. ఏ బంకరో, అందులో ఎంతమందో మాకు తెలీదు. చార్జి మారలేదు, ఎలివేషన్ మారలేదు. ఇంకో మూడు రౌండ్లు.’

మొదటిదాంట్లో బొమ్మ ఉంది, నమ్మకం లేదు. రెండోది చదివినవాడికి ఆ గుడ్డితనం అందుతుంది.

గన్ దగ్గర రాయాల్సింది బోలెడుంది, మీరు దాన్ని మామూలు పని అనుకుని దాటేస్తున్నారేమో. ఒక్కో గుండు 43 కిలోల చిల్లర. పదివేల అడుగుల పైన, ఊపిరి చాలని చోట దాన్ని లారీ నుంచి దింపడం, పేర్చడం, దుమ్ము తుడవడం, ఫ్యూజ్ బిగించడం. బోఫోర్స్ మూడు రౌండ్లు పదిహేను సెకన్ల లోపు పంపగలదు, అది అందరూ రాస్తారు. ఆ మూడు రౌండ్ల కోసం వెనక ఎన్ని చేతులు ఎంతసేపు పనిచేశాయన్నది ఎవరూ రాయరు. ఆ యుద్ధంలో మనవైపు నుంచి రెండున్నర లక్షలకు పైగా షెల్లులు, బాంబులు, రాకెట్లు వెళ్లాయని లెక్క. పాఠకుడికి ఆ అంకె ఎక్కదు. ఒక డిటాచ్‌మెంట్ (ఒక గన్ మీద పనిచేసే జట్టు) ఒక రాత్రి దింపిన పెట్టెలు ఎక్కుతాయి.

చప్పుళ్లు కొలిచి రాయండి. వెలుగు కనపడ్డాక చప్పుడు కిలోమీటరుకి మూడు సెకన్లు ఆలస్యం. మన గుండు 15 కిలోమీటర్లు పోవడానికి అర నిమిషం పైనే. ఆ అర నిమిషంలో మీ డిటాచ్‌మెంట్ ఏం చేసేది? ‘ధన్ ధన్’, ‘ఢాం ఢాం’ అన్నవి మొత్తం తీసేయండి, సినిమా పోస్టరు గుర్తొస్తుంది. చెవుల్లో హోరు, ఎదుటివాడి పెదాలు చూసి ఆర్డరు పోల్చుకోవడం, ఇవి ఉంచండి. వాళ్ల ఫిరంగులు మన గన్ పొజిషన్ల మీద కొట్టినప్పుడు గుండు తునకలతో పాటు రాతి తునకలు కూడా మనిషిని కోస్తాయి. ఆ నేల తెలియనివాడికి ఇది తట్టదు.

ఒక మినహాయింపు. ద్రాస్‌లో కొన్ని బోఫోర్స్ గన్లను ముందుకు తెచ్చి, కంటికి కనిపించే శిఖరం మీదికి నేరుగా గురిపెట్టి కాల్చారు. మీ గన్ వాటిల్లో ఉంటే ఆ భాగంలో మీరు చూసింది చూసినట్టే రాయండి. అప్పుడు చదివేవాడికి తేడా తనకు తానే తెలుస్తుంది.

---

గన్నర్_శ్రీకాకుళం:

చాలా కృతజ్ఞతలు. టీఏ గారూ, ఇంకొక్కటి. మన గుండే మనవాళ్లకి దగ్గరగా పడే సందర్భాల గురించి రాయాలా వద్దా? ఎలా రాయాలి?

---

టీఏ_బ్యాటరీ:

ఎందుకు జరుగుతుందో ముందు రాయండి, అప్పుడు అది నింద కాకుండా ఉంటుంది. పలచటి గాలిలో గుండు మామూలుకంటే దూరం పోతుంది. కింది ఎత్తుల కోసం వేసిన లెక్క పైన సరిపడదు, అందుకే అంత రేంజింగ్, అంటే ముందు కొన్ని గుండ్లు వేసి గురి సరిచూసుకోవడం. బ్యారెల్ అరిగినా, చార్జి చలికి గడ్డకట్టినంత చల్లబడినా, గాలి వివరాలు పాతబడినా గుండు అటో ఇటో పడుతుంది. మైదానంలో యాభై మీటర్ల తేడా యాభై మీటర్లే. కత్తి అంచులాంటి శిఖరం మీద కాస్త ఎత్తుగా పోయిన గుండు అవతలి లోయలో పడుతుంది, కాస్త తగ్గితే ఇవతలి వాలు మీద, అంటే ఎక్కుతున్న ఇన్‌ఫాంట్రీ వైపు. అందుకే మనవాళ్లు దగ్గరపడేకొద్దీ ఫైరును ముందుకు జరుపుతారు. ఎప్పుడు జరపాలన్న నిర్ణయం ఓపీది, పైన ఎక్కుతున్న కంపెనీ కమాండరుది, గన్‌ది కాదు.

ఫలానా రోజు ఫలానా వ్యక్తి తప్పు అని మాత్రం కాగితం చేతిలో లేకుండా రాయొద్దు. ఆ రాత్రి గన్ దగ్గర ఉన్నవాడికి అది విన్న మాటే.

---

అచ్చుతప్పు:

పుస్తకాల ఎడిటింగ్ వైపు నుంచి కొన్ని.

చనిపోయినవాళ్ల పేర్లు రాయొచ్చు, ద్రాస్ స్మారకం గోడ మీద, ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లో ఆ పేర్లు చెక్కే ఉన్నాయి. పేరు, యూనిట్ అక్కడి జాబితాతో సరిచూసుకోండి; నాగా, గఢ్వాలీ పేర్లు చెవితో విన్నట్టు తెలుగులో రాస్తే మనిషే మారిపోతాడు. కానీ ఎలా చనిపోయాడన్నది వేరే విషయం. ఇంటికి వెళ్లిన ఉత్తరంలో ఒకటి ఉండి, మీకు తెలిసింది ఇంకొకటైతే, ఆ తల్లికో భార్యకో అది పుస్తకంలో తొలిసారి కనపడకూడదు. అచ్చుకి ముందే ఆ పేజీలు తీసుకుని వెళ్లండి, లేదా చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి. నా మట్టుకు ఇందులో రెండో మాట లేదు. చట్టం కూడా గుర్తుంచుకోండి: భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం, ఇంటివాళ్ల మనసు నొప్పించేలా చనిపోయిన మనిషి పరువు తీసినా పరువు నష్టమే. బతికి ఉన్న ఆఫీసర్ల గురించి అయితే మరీ జాగ్రత్త. యూనిట్ పేరు మార్చి లాభం లేదు. కొండ పేరు, తేదీ ఉంటే ఏ బెటాలియనో ఎవరైనా పట్టేస్తారు.

అవార్డు సైటేషన్లు (పతకం ఎందుకిచ్చారో చెప్పే పత్రాలు) నెట్‌లో దొరుకుతున్నాయి, తేదీకి, చోటుకి వాడుకోండి. వాటి భాషని మాత్రం పుస్తకంలోకి రానివ్వొద్దు. ‘అసమాన ధైర్యసాహసాలు ప్రదర్శించి’ అన్నది ఫైలు కోసం రాసిన మాట, ఒక మనిషి గురించి ఏమీ చెప్పదు.

హిందీ మాటల గురించి మీరు అడగలేదు గానీ అది తప్పక వస్తుంది. లంగర్, మోర్చా, పిట్టూ, ఫాలిన్, బడా ఖానా: ఇవి అలాగే ఉంచండి. వెనక పదకోశం పెట్టొద్దు, ఎవరూ తిప్పి చూడరు. మొదటిసారి వచ్చినప్పుడు పనిలోనే అర్థమయ్యేలా రాయండి: ‘పిట్టూ దింపి దానికే ఆనుకుని కూర్చున్నాడు’ అంటే చాలు. ఒక పేరాలో ఇలాంటి కొత్త మాట ఒక్కటి మించొద్దు. సంభాషణ మొత్తం హిందీలో రాసి కింద తెలుగు ఇచ్చే పద్ధతి పాఠకుణ్ణి నడిపించదు. బ్యాటరీకి ఆరు గన్లు, రెజిమెంటుకి పద్దెనిమిది అన్న లెక్క మొదటి అధ్యాయంలోనే ఎక్కడో దొర్లించండి, లేకపోతే చదివేవాడికి మీ లోకం ఎంత పెద్దదో తెలీదు.

అచ్చు గురించి క్లుప్తంగా: డెమ్మీ 1/8 సైజులో పేజీకి రెండొందల పైచిలుకు మాటలు పడతాయి. ఫారానికి 16 పేజీలు, కాబట్టి మొత్తం పదహారు గుణిజంలో ఉండేలా చూసుకోండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉచితం, ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఎవరికీ డబ్బు కట్టొద్దు. మీరు యూనికోడ్‌లో టైపు చేసి, ప్రెస్సువాళ్లు ‘అను’ ఫాంట్లలోకి (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారిస్తే దెబ్బ తగిలేది సరిగ్గా మీలాంటి పుస్తకానికే. ‘హెడ్‌క్వార్టర్స్’, ‘డిటాచ్‌మెంట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారి అతుక్కుపోతుంది. మార్చాక ఫైనల్ ప్రూఫు మీరే చదవండి, కంప్యూటర్ ఆపరేటరుకి ఏది తప్పో తెలియదు.

---

పార్ట్‌టూ_క్లర్క్:

ఒకటి మర్చిపోయారు అందరూ. ఇలాంటివి రాస్తున్నప్పుడు నిద్ర చెడడం మామూలే. రాత్రి పూట రాయొద్దు, చెడ్డ భాగాలు పొద్దున పెట్టుకుని అరగంటలో లేచేయండి. రెండు వారాలైనా నిద్ర కుదుటపడకపోతే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో చెప్పి రెఫరల్ తీసుకోండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

నాసిక్‌కి ఉత్తరం రాసేటప్పుడు ఆర్మీ నంబరు చివరి అక్షరంతో సహా, పీపీఓ నంబరు, రెజిమెంటు, డిశ్చార్జి తేదీ పైనే రాయండి. ‘నా వివరాలన్నీ ఇవ్వండి’ అంటే ఫైలు కదలదు. ‘1999 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నాకు సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు’ అని అడగండి. లీవ్ సర్టిఫికెట్ జెరాక్స్ ఉంటే జత చేయండి, వెతికేవాడికి సులువు.